రాగి జావ తాగినా షుగర్ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: నా వయసు 46. మాది కరీంనగర్ జిల్లా. హెచ్‌బీఏ1సీ 6.1 ఉంది, ప్రీ డయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) అన్నారు. మందులు రాయలేదు. మా పెద్దవాళ్లు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు తిని గట్టిగా ఉండేవారు. అందుకే రెండు నెలలుగా అన్నం మానేసి పొద్దున బెల్లం వేసిన రాగి జావ, రెండు పూటలా కొర్ర అన్నం తింటున్నాను. మళ్లీ పరీక్ష చేయిస్తే 6.2 వచ్చింది. పైగా కడుపు ఉబ్బరం. పాతకాలం తిండి నిజంగా పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది. కాకపోతే మీరు పాత భోజనంలోంచి ధాన్యాన్ని మాత్రమే తెచ్చుకున్నారు. పప్పు, ఆకుకూర, కాయగూరలు మీ పళ్లెంలోకి ఇంకా రాలేదు. షుగర్‌ను అదుపులో పెట్టేది ఆ కలయికే.

ముందు పరీక్ష సంగతి చెబుతాను. హెచ్‌బీఏ1సీ రక్తంలోని షుగర్‌కు దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. రెండు నెలలకే చేయిస్తే ఈ మార్పుకు ముందు తిన్న తిండి ప్రభావం కూడా అందులో కలిసే ఉంటుంది. 6.1కీ 6.2కీ ఉన్న తేడా ల్యాబ్‌లో సహజంగా వచ్చే తేడానే, కంగారు పడకండి.

ఇక జావ. రాగులు మంచివే, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ మెత్తటి పిండిని నీళ్లలో పలుచగా ఉడికిస్తే అందులోని పిండిపదార్థం త్వరగా అరిగి రక్తంలోకి చేరుతుంది. నమలాల్సిన పని కూడా ఉండదు. దానికి బెల్లం తోడైతే చక్కెర వేసుకున్నట్టే లెక్క. అదే పిండిని గట్టి సంగటిగానో రొట్టెగానో చేసుకుని, ఆకుకూర పప్పుతో తినండి. జావే కావాలంటే బెల్లం మాని మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసుకోండి.

కొర్రలైనా గిన్నె నిండా తింటే షుగర్ పెరుగుతుంది. పైగా కొట్లో దొరికే చిరుధాన్యాలు చాలావరకు పాలిష్ పట్టినవే. తవుడు పోతే పీచూ పోతుంది. పాలిష్ బియ్యంలో వంద గ్రాములకు పీచు మూడు గ్రాములలోపే, జొన్నల్లో పది గ్రాముల దాకా ఉంటుంది. ఈ పీచు అన్నం అరిగే వేగాన్ని తగ్గిస్తుంది. అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లిన భాగం అక్కడి మంచి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. మిల్లెట్ బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ ఈ లెక్కలోకి రావు, వాటిని నమ్ముకోవద్దు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీల భోజనానికి చెప్పిన కొలతలు చూడండి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100. అన్నీ పచ్చివి తూచిన బరువులే. మన ఇళ్లలో తేడా ఎక్కువగా పప్పు దగ్గరే వస్తుంది. పలుచటి పప్పుచారులో మనిషికి పది గ్రాముల పప్పు పడితే మాంసకృత్తులు రెండు గ్రాములే అందుతాయి. మనిషికి 30 గ్రాముల కందిపప్పు, శుభ్రంగా కడిగిన 100 గ్రాముల తోటకూరో బచ్చలో పుంటికూరో వేసి ముద్దపప్పులా వండుకోండి. వంద గ్రాముల ఆకు ఉడికితే చిన్న గిన్నెడే అవుతుంది, కాబట్టి ఎక్కువైపోతుందని భయం వద్దు. ఆకును కడిగాకే తరగండి, ఉడికించిన నీళ్లు పారబోయకండి. పళ్లెంలో సగం కూరలు, పావు వంతు పప్పు, పావు వంతు ధాన్యం ఉండాలి. మధ్యాహ్నానికి రెండు మధ్యరకం జొన్నరొట్టెలు చాలు. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత రొట్టె మొదలుపెడితే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగబాకదు.

కడుపు ఉబ్బరానికి కారణం ఒక్కసారిగా పెరిగిన పీచు కావచ్చు. చిరుధాన్యాలు ఒక పూటతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. అలసందలు, ఉలవలు, పెసలు ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. గ్యాస్ తెచ్చే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్లతోనే పోతాయి. మంచినీళ్లు తగినన్ని తాగకపోతే మలబద్ధకం కూడా వస్తుంది.

భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగండి. పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఆ ఇనుము బాగా పడుతుంది. ఊరగాయ, అప్పడాలు కలుపుకొని రోజు మొత్తానికి ఉప్పు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. పాత భోజనంలో నాకు నచ్చని భాగం ఈ ఉప్పే. ఎండలో పొలం పనిచేసిన వారికి చెల్లిందేమో గానీ, కుర్చీలో కూర్చునే మనకు అది బీపీని పెంచుతుంది. శాకాహారులైతే విటమిన్ బీ12 పరీక్ష చేయించుకోండి. అది మొక్కల ఆహారంలో దొరకదు, పెరుగు, పాల నుంచి కొంత వస్తుంది.

ఇది చదివి ఇంట్లో మిగతావారూ మొదలుపెట్టేటట్టయితే ఒక మాట. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆకుకూరల్లోని పొటాషియం ప్రమాదం కావచ్చు. రక్తం పలుచబరిచే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు పని తగ్గుతుంది. షుగర్‌కు గ్లిమిపిరైడ్ లేదా ఇన్సులిన్ తీసుకుంటూ అన్నం తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. వీళ్లంతా ముందు తమ డాక్టర్‌తో మాట్లాడాలి. మీరు మాత్రం ఈ రోజే మొదలుపెట్టవచ్చు. రాత్రి భోజనం తర్వాత పావుగంట నడవండి. వారానికి ఒకసారి మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుని, 140 దాటితే ఆ పూట ఏం తిన్నారో రాసి పెట్టుకోండి. మూడు నెలలు నిండాక హెచ్‌బీఏ1సీ చేయించి, ఆ కాగితంతో పాటు మీ డాక్టర్‌కు చూపించండి.