మేడిగడ్డ ముంపుపై పరిశోధనకు గ్రాంటు: ‘సరిహద్దు’ అన్న మాట దగ్గరే చిక్కు

సిరోంచ మిత్రులకు నమస్కారం. మేడిగడ్డ బ్యారేజీ వెనుక జలాల వల్ల అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి, ఇటు తెలంగాణలోని భూపాలపల్లి రైతులకు కలిగిన నష్టంపై పరిశోధించడానికి ఐజె4ఈయూ (ఐరోపాలో పరిశోధనాత్మక జర్నలిజానికి నిధులిచ్చే పథకం) గ్రాంటు అడగవచ్చా అని రాశారు. అడగవద్దు. ఆ పథకం సరిహద్దు అంటే దేశాల సరిహద్దునే లెక్కిస్తుంది. రాష్ట్రాల మధ్య సరిహద్దులైన మన ప్రాణహిత, గోదావరి గట్లు దాని పరిధిలోకి రావు. పైగా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని 3వ సెక్షన్ రిజిస్టరైన పత్రికల విలేఖరులు, కాలమిస్టులు, సంపాదకులు విదేశీ విరాళం స్వీకరించడాన్ని నిషేధిస్తుంది కనుక, పత్రికతో మీకున్న ఒప్పందాన్ని న్యాయవాదికి చూపించకుండా ఏ విదేశీ సంస్థకూ దరఖాస్తు పంపకండి. నేషనల్ ఫౌండేషన్ ఫర్ ఇండియా మీడియా ఫెలోషిప్ వంటి దేశీయ దారులను ముందుగా పరిశీలించండి.

ఇక ప్రతిపాదన సంగతి. ‘రైతులు నష్టపోయారు’ అన్నది విషయమే తప్ప ప్రశ్న కాదు. 2023 అక్టోబరు 21న బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగిన ఘటనను అందరూ రాశారు. పరిహారాన్ని రెండు రాష్ట్రాలు ఏ ఆధారంతో లెక్కగట్టాయన్నది మీ ప్రశ్న అయితే, రెండు వైపులా సమాచార హక్కు దరఖాస్తులు వేసి, వాటి రసీదులను ప్రతిపాదనకు జతచేయవచ్చు. అక్కడి కాగితాలు మరాఠీలో, ఇక్కడివి తెలుగులో ఉంటాయి కాబట్టి అనువాదం ఖర్చును బడ్జెట్‌లో విడిగా చూపండి. చాలామంది (నేనూ ఒకప్పుడు) దాన్ని మరచిపోయి చివరికి సొంత జేబు నుంచి పెట్టుకుంటారు.