సర్ఫేస్ కోడ్‌లో జెడ్ మెమరీ బాగుంది, ఎక్స్ మెమరీ ఎందుకు దెబ్బతింటోంది?

తిరుపతిలో ఎంఎస్సీ ప్రాజెక్టు కోసం స్టిమ్ అనే క్వాంటం సర్క్యూట్ సిమ్యులేటర్‌లో రొటేటెడ్ సర్ఫేస్ కోడ్ (క్యూబిట్‌లను గడుల్లో పేర్చి తప్పులను సరిదిద్దే పద్ధతి) రాశారు. ఎక్స్ మెమరీలో (జెడ్ ఎర్రర్‌లను కోడ్ ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష; జెడ్ మెమరీ ఎక్స్ ఎర్రర్‌లకు) డిస్టెన్స్, అంటే కోడ్‌ను మోసగించడానికి కావాల్సిన కనీస తప్పుల సంఖ్య, 3 నుంచి 5కి పెంచినా లాజికల్ ఎర్రర్ (కోడ్ దాచిన సమాచారమే చెడిపోవడం) అనుకున్నంత తగ్గట్లేదని అడిగారు. కొలతలు చూసి తప్పులను ఊహించే డీకోడర్ పైమ్యాచింగ్‌ను అనుమానించకండి. మీరు పెట్టిన సర్క్యూట్‌లో ఎక్స్ చెక్‌లకూ జెడ్ చెక్‌లకూ (తప్పులను పసిగట్టే కొలతలు) సీనాట్‌ల, అంటే రెండు క్యూబిట్‌ల గేట్ల, వరస ఒకటే: వాయవ్యం, ఈశాన్యం, నైరుతి, ఆగ్నేయం. చిక్కంతా అక్కడే.

జెడ్ చెక్‌లో సీనాట్‌కు డేటా క్యూబిట్ కంట్రోల్, యాన్సిలా (కొలత కోసం పెట్టిన సహాయక క్యూబిట్) టార్గెట్. రెండో సీనాట్ అయ్యాక యాన్సిలా మీద ఒక్క జెడ్ ఎర్రర్ పడిందనుకోండి. మిగిలిన రెండు సీనాట్‌లు దాన్ని నైరుతి, ఆగ్నేయ క్యూబిట్‌లకు అంటిస్తాయి. యాన్సిలాను కొలిస్తే ఏమీ తెలియదు, జెడ్ ఎర్రర్ జెడ్ కొలతను మార్చదు కదా. మీ లేఅవుట్‌లో లాజికల్ జెడ్ (చెక్‌లకు దొరక్కుండా సమాచారాన్ని చెడగొట్టే జెడ్‌ల గొలుసు) అడ్డంగా, పడమర నుంచి తూర్పుకు పోతోంది. ఆ రెండు క్యూబిట్‌లూ అదే దారిలో పక్కపక్కన ఉన్నాయి. ఒక్క తప్పుతో రెండడుగులు పడిపోయినట్టే. డిస్టెన్స్ 5 కాస్తా 3 అవుతుంది. 3 అయితే 2కి దిగి, ఒక్క తప్పును కూడా కచ్చితంగా సరిదిద్దలేదు. హుక్ ఎర్రర్ అంటే ఇదే.

ఎక్స్ చెక్‌లను ముట్టుకోకండి. లాజికల్ ఎక్స్ నిలువు, వాటి హుక్ అడ్డం, కాబట్టి నష్టం లేదు. జెడ్ చెక్‌లకు మాత్రం వాయవ్యం, నైరుతి, ఈశాన్యం, ఆగ్నేయం అని మార్చండి. ఇష్టమొచ్చిన వరస పెడితే కుదరదు. పక్కపక్క ఎక్స్, జెడ్ చెక్‌లు పంచుకునే రెండు క్యూబిట్‌లనూ ఒకే చెక్ ముందు తాకాలి. ఒకదాన్ని ఇది, ఇంకోదాన్ని అది ముందు తాకితే నాయిస్ సున్నా ఉన్నా కొలతలు యాదృచ్ఛికంగా వస్తాయి. అంచుల్లోని రెండు క్యూబిట్‌ల చెక్‌లకు లేని దిక్కు వచ్చినప్పుడు ఆ అడుగు ఖాళీగా వదిలేయండి, తర్వాతి గేటును ముందుకు జరపొద్దు.

మార్చాక స్టిమ్‌లోని షార్టెస్ట్ గ్రాఫ్‌లైక్ ఎర్రర్ ఫంక్షన్ (లాజికల్ ఎర్రర్ తెచ్చే అతి చిన్న తప్పుల గొలుసును వెతికేది) నడపండి. వచ్చే పొడవు డిస్టెన్స్‌తో సమానంగా ఉండాలి, అదీ ఎక్స్, జెడ్ మెమరీలు రెండింట్లోనూ. జెడ్ మెమరీ ఒక్కటే చూస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. నాయిస్‌ను డేటా క్యూబిట్‌ల మీదే పెట్టినా అంతే, ప్రతి సీనాట్ తర్వాత డీపోలరైజింగ్ నాయిస్ (ఎక్స్, వై, జెడ్ ఎర్రర్‌లు యాదృచ్ఛికంగా పడే నాయిస్) ఉండాల్సిందే. భౌతిక ఎర్రర్ 1 శాతం దగ్గర పెట్టకండి, అది థ్రెషోల్డ్‌కు (డిస్టెన్స్ పెంచినా లాభం లేకుండా పోయే ఎర్రర్ హద్దు) మరీ దగ్గర, తేడా కనబడదు. 0.1 శాతంతో మొదలుపెట్టండి. డిస్టెన్స్ 3కి 17 క్యూబిట్‌లు, 5కి 49. మీ ల్యాబ్‌లోని మామూలు డెస్క్‌టాప్ చాలు.