టీవీ తెరలో నీలి మచ్చ: ఈ ధ్యాసకు చదువుందా?

పాలకొల్లు నుంచి ఒక తండ్రి ప్రశ్న: ‘మావాడు బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. సాయంత్రమైతే టీవీ రిపేరు షాపులోనే ఉంటాడు. ఎల్‌ఈడీ స్ట్రిప్ మార్చిన తెర ఒకవైపు నీలంగా, ఒకవైపు పసుపుగా ఎందుకుంటుందని ఒకటే ధ్యాస. మాన్పించమంటారా?’

వద్దండీ. అతను పట్టుకున్నది మంచి ప్రశ్న. ఎల్‌సీడీ తెర సొంతంగా వెలగదు, వెలుగు వెనకనున్న స్ట్రిప్‌ల (పట్టీల) మీది ఎల్‌ఈడీలది, దాన్నే బ్యాక్‌లైట్ అంటారు. వాటిలో ఎక్కువ భాగం నీలి చిప్ మీద పసుపు ఫాస్ఫర్ (నీలి వెలుగులో కొంతను పసుపుగా మార్చే పదార్థం) పూసినవే, ఆ రెండూ కలిస్తేనే తెలుపు. పూత కాస్త అటూ ఇటూ అయినా తెలుపు మారిపోతుంది. అందుకే మీ వైపు రొయ్యలను కౌంట్ల వారీగా ఏరినట్టు, ఫ్యాక్టరీలో ప్రతి ఎల్‌ఈడీ రంగునూ కొలిచి ‘బిన్’లుగా విడదీస్తారు. వేర్వేరు బిన్‌ల స్ట్రిప్‌లు ఒకే టీవీలో పడితే మచ్చలు తప్పవు. పాతబడిన ఫాస్ఫర్ దెబ్బతిన్నా నీలమే పైకొస్తుంది. షాపులో ఒక్క స్ట్రిప్ కాకుండా సెట్టంతా మార్చమనేది ఇందుకే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలను విడిగా వాడే బ్యాక్‌లైట్లలో ఇంకో చిక్కుంది: వేడెక్కితే ఎరుపు మిగతా రెండింటికన్నా ఎక్కువ మందగిస్తుంది. రంగు సెన్సర్ పెట్టి కరెంటు సర్దుతూ ఉండాలి.

ఇక చదువు. ముందుగా 1931 నాటి సీఐఈ (వెలుగు, రంగుల ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ) రంగుల పటం చదవమనండి, బిన్‌లన్నీ దాని మీద గీసిన గళ్లే. మైనర్ సబ్జెక్టు మ్యాథ్స్ అయితే మేలు, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు చాలా ఐఐటీలు మ్యాథ్స్ అడుగుతాయి. వాటికి జామ్, మన రాష్ట్ర వర్సిటీలకు పీజీసెట్ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఎమ్మెస్సీ తర్వాత గేట్ పరీక్షతో కొచ్చిన్ వర్సిటీ కుశాట్‌లో ఆప్టోఎలక్ట్రానిక్స్, లేజర్ టెక్నాలజీ ఎం.టెక్ ఉంది. నా ఓటు దానికే.

ఒకటి ముందే చెప్పాలి. ఎల్‌సీడీ ప్యానెళ్ల తయారీ ఎక్కువగా చైనా, తైవాన్‌లలోనే. మన దగ్గర ఎక్కువగా జరిగేది టీవీల బిగింపు. అందుకని ‘టీవీ కంపెనీ’ ఒక్కటే గురి పెట్టుకోవద్దు. వాహనాల దీపాలు, లైటింగ్, రంగు కొలిచే పరీక్షా ల్యాబులు, వీటన్నింటికీ ఇదే విద్య కావాలి.

షాపుకు వెళ్లనివ్వండి, సెమిస్టర్ పరీక్షల నెల తప్ప. మార్చిన ప్రతి స్ట్రిప్ మోడల్, తెరలో కనిపించిన తేడా ఒక నోట్‌బుక్కులో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అది పనికొస్తుంది.