బుధవారం చర్చిలో టీకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయిని చూడటానికి ఆరు నెలల విజిటర్ వీసాపై ఇంగ్లండు వచ్చి రెండు నెలలైంది. వాళ్లుండేది యార్క్‌షైర్‌లో ఒక చిన్న పల్లె. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ప్రతి బుధవారం ఉదయం ఊరి చర్చిలో అందరూ చేరి టీ తాగుతారట. ఎదురింటి పెద్దావిడ నన్నూ రమ్మని రెండుసార్లు పిలిచారు. మేము హిందువులం, శాకాహారులం. ప్రార్థనలో కూర్చోవలసి వస్తుందా? డబ్బు ఇవ్వాలా? కప్పులు కడగడంలో సాయపడితే వీసాకు ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మూడోసారి పిలిచే దాకా ఆగకండి. బలవంతపెట్టడం మర్యాద కాదనుకునే చోట మూడో పిలుపు రాకపోవచ్చు.

దీన్ని అక్కడ ‘కాఫీ మార్నింగ్’ అంటారు, తాగేది మాత్రం ఎక్కువమంది టీయే. ఇది ఆరాధన కాదు. ఒక్కొక్క పాస్టరుకు నాలుగైదు ఊళ్లు అప్పగించి ఉండటం మామూలు కనుక, ఆయన ఆ పూట అసలు రాకపోవచ్చు కూడా. ఎక్కడైనా మొదట్లో చిన్న ప్రార్థన చేస్తే, మౌనంగా కూర్చుంటే చాలు. అది చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారి చర్చి అయితే మీకు పూర్తిగా పరాయిది కూడా కాదు: మీ బందరులో 1843లో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ ఆ సంఘం మనిషే.

చాలా పల్లెల్లో అంగడి, పోస్టాఫీసు మూతపడి, బస్సులు తగ్గిపోయాక, నలుగురూ కూర్చోవడానికి మిగిలిన చోటు చర్చే. శతాబ్దాల నాటి ఆ కట్టడాల్లో నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి ఉండేవి కావు. వెనకవైపు నాలుగు బల్లలు తీసి ఒక సింకు పెట్టుకోవాలన్నా డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల మండలం) అనుమతి కావాలి. అందుకే కొన్నిచోట్ల ఇప్పటికీ మడత బల్ల మీద నీళ్లు కాగే పెద్ద స్టీలు పాత్ర, దాని పక్కన బోర్లించిన కప్పులు, పాలకు వేరే జగ్గు కనిపిస్తాయి. టీ పొడి సంచిని వేడినీళ్లలో ముంచి, పైన చెంచాడు చల్లటి పాలు పోస్తారు. పాలల్లో మరిగిన టీకి అలవాటుపడ్డ మన నాలుకకు అది నీళ్లలాగే తోస్తుంది. ఆ మాట ఇంటికొచ్చి మీ అమ్మాయితో చెప్పుకోండి.

బల్ల చివర ఒక గిన్నెలో చిల్లర ఉంటుంది. రుసుమేమీ నిర్ణయించకపోతే, ఒకటో రెండో పౌండ్లు అందులో వేస్తే సరిపోతుంది. చర్చి మరమ్మతుల భారం ఊరి సంఘానిదే కనుక ఆ చిల్లర తరచుగా పైకప్పుకు పోతుంది.

మీ భోజన నియమానికి వస్తే, కేకుల్లో దాదాపు ఎప్పుడూ గుడ్డు ఉంటుంది, స్కోన్లనే చిన్న రొట్టెల పైన కూడా పూస్తుంటారు. డైజెస్టివ్ బిస్కెట్లలో సాధారణంగా ఉండదు. మీరే చక్రాలు వండి తీసుకెళ్తే సంతోషిస్తారు గాని, నువ్వులు, వేరుశెనగ, జీడిపప్పు, ఆవాలు అక్కడి చట్టం పేర్కొన్న 14 అలర్జీ పదార్థాల జాబితాలోకి వస్తాయి కనుక, ఏమేం వేశారో చీటీ మీద రాసి పళ్లెం పక్కన పెట్టండి.

ఇక వీసా సంగతి. టీ తాగి కబుర్లు చెప్పుకోవడానికి ఏ అడ్డూ లేదు. విజిటర్ వీసాపై ఉన్నవారు ‘చారిటీ’గా నమోదైన సేవాసంస్థకు మొత్తం 30 రోజులకు మించకుండా స్వచ్ఛంద సేవ చేయవచ్చు. మీకు మిగిలిన నాలుగు నెలల్లో వచ్చే బుధవారాలు పదిహేడో పద్దెనిమిదో కాబట్టి లెక్క దాటదు. అయితే చిన్న చర్చిలన్నీ విడిగా నమోదై ఉండవు. ఆ విషయం కనుక్కోమని మీ అమ్మాయికి చెప్పి, ఆ తర్వాతే కప్పులు కడిగేవారి వంతుల పట్టికలో పేరు రాయించుకోండి.