టీవీ సౌండు ఛానెల్‌కొక తీరుగా ఎందుకుంటుంది?

ప్రశ్న: మా టీవీకి డీటీహెచ్ సెట్‌టాప్ బాక్సు ఒకటి, యూట్యూబ్, ఓటీటీల కోసం స్టిక్ ఒకటి తగిలించుకున్నాం. బాక్సులో సీరియల్ వినాలంటే టీవీ వాల్యూమ్ 40 దాకా పెంచాలి. అదే 40 మీద యూట్యూబ్ పెడితే ఇల్లు అదిరిపోతుంది. వార్తా ఛానెల్‌కు మారినా, ప్రకటనలు మొదలైనా మా అత్తగారు ఉలిక్కిపడి రిమోట్ కోసం తడుముకుంటున్నారు. లోపం టీవీదా, బాక్సుదా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు కలగలిసి ఉన్నాయి. బాక్సుకూ యూట్యూబ్‌కూ మధ్య తేడా చాలావరకు మీ ఇంట్లోనే పుట్టింది కాబట్టి దాన్ని మీరే సరిచేసుకోవచ్చు. ఛానెల్‌కూ ఛానెల్‌కూ మధ్య తేడా, ప్రకటనల హోరు మాత్రం ప్రసారంలోనే ఉంటాయి. వాటిని ఇంట్లో కొంత తగ్గించుకోగలమే తప్ప పూర్తిగా పోగొట్టుకోలేము.

సీరియల్‌కు 40 కావలసి వస్తోందన్నారు గనుక మొదట అనుమానించవలసింది సెట్‌టాప్ బాక్సు సొంత వాల్యూమ్‌ను. చాలా బాక్సులకు టీవీతో సంబంధం లేకుండా వాటి వాల్యూమ్ వాటికి ఉంటుంది. ఎవరో ఎప్పుడో దాన్ని సగానికి తగ్గించి వదిలేస్తే, ఆ లోటు పూడ్చడానికి ఇంటిల్లిపాదీ టీవీని పెంచుకుంటూ పోతారు. స్టిక్‌కు అలాంటి లోటేమీ లేదు కాబట్టి అటు మారగానే మోత మోగుతుంది. బాక్సు రిమోట్‌లో వాల్యూమ్ మీట నొక్కి, తెరమీద వచ్చే గీతను గమనించండి. అది బాక్సు మెనూ రంగుల్లో, దాని అక్షరాల తీరులో ఉంటే మీరు మారుస్తున్నది బాక్సు శబ్దాన్ని. టీవీ రిమోట్ నొక్కినప్పుడు వచ్చే గీతే కనిపిస్తే, ఆ రిమోట్ టీవీ వాల్యూమ్‌నే మార్చేలా అమర్చి ఉందని అర్థం. అప్పుడు బాక్సు సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడవలసి ఉంటుంది. హెచ్‌డీఎంఐ తీగతో కలిపి ఉంటే బాక్సు వాల్యూమ్‌ను చివరిదాకా పెంచి అక్కడే వదిలేసి, ఇకమీదట టీవీ వాల్యూమ్ ఒక్కటే వాడండి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత తీగ అయితే పూర్తిగా పెంచినప్పుడు శబ్దం పగిలినట్లు వినిపించవచ్చు, కనుక ఒకటి రెండు మెట్లు తగ్గించి ఉంచండి.

ఆ తర్వాత కూడా తేడా మిగిలితే బాక్సు ఆడియో సెట్టింగ్‌లో డాల్బీ (సినిమా తరహా ధ్వని పద్ధతి) బదులు పీసీఎం (కుదించని మామూలు ధ్వని) లేదా స్టీరియో ఎంచుకుని చూడండి. డాల్బీ ప్రసారంలో మాటల స్థాయి ఎంతో చెప్పే సంఖ్య ఒకటి శబ్దంతోపాటే వస్తుంది. దాన్నిబట్టి డీకోడర్ (సంకేతాన్ని శబ్దంగా మార్చే భాగం) శబ్దాన్ని ఒక నిర్ణీత స్థాయికి తగ్గిస్తుంది. ఆ సంఖ్య లేని మామూలు ఛానెళ్లకు ఈ తగ్గింపు ఉండదు. కొన్ని హెచ్‌డీ ఛానెళ్లు మామూలు ఛానెళ్ల పక్కన నీరసంగా వినిపించడానికి ఇదొక కారణం. కొన్ని సోనీ టీవీల్లో వాల్యూమ్ ఆఫ్‌సెట్ అనే ఏర్పాటు ఉంది. దానితో ఒక్కో ఇన్‌పుట్‌కు ఎక్కువతక్కువలు ఒకసారి సర్దుకుంటే చాలు. మీ టీవీ మెనూలో అలాంటిదేమైనా ఉందేమో వెతకండి.

ఇక వార్తా ఛానెళ్లు, ప్రకటనల సంగతి. ఒక శబ్దం చెవికి ఎంత గట్టిగా తోస్తుందన్నది దాని గరిష్ఠ స్థాయిని బట్టి మాత్రమే ఉండదు, అది సగటున ఎంతసేపు ఆ ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. సీరియల్‌లో గుసగుసలుంటాయి, మౌనాలుంటాయి, నేపథ్య సంగీతం ఉబికే ఘట్టాలుంటాయి. ప్రకటనను మాత్రం కంప్రెషన్‌తో (గట్టి శబ్దాలకూ చిన్న శబ్దాలకూ మధ్య తేడాను తగ్గించే పద్ధతితో) అణచి, ముప్పై సెకన్లూ దాదాపు ఒకే ఎత్తులో ఉండేలా తయారుచేస్తారు. రెండింటి గరిష్ఠ స్థాయీ మీటరు మీద ఒకటే కావచ్చు, కానీ వినేవారికి ఒకటి కాదు. ఈ తేడాను కొలవడానికి అంతర్జాతీయ టెలికాం సమాఖ్య 2006లో బీఎస్ 1770 అనే పద్ధతిని వెలువరించింది. యూరప్ ప్రసార సంస్థలు 2010లో ఆర్ 128 పేరుతో సగటు స్థాయిని మైనస్ 23 డెసిబెళ్లుగా నిర్ణయించుకున్నాయి (సున్నా అంటే డిజిటల్ శబ్దపు గరిష్ఠ స్థాయి; దానికి ఎంత కిందికి పోతే శబ్దం అంత చిన్నది). ప్రకటనల మోతపై అమెరికా 2010లో చట్టమే చేసింది. దాని నిబంధనలు 2012 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చాయి. మన దేశంలో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని ప్రకటనల నియమావళి, ప్రకటనల దృశ్యమూ శబ్దమూ మితిమీరి ‘లౌడ్’గా ఉండకూడదని మాత్రమే అంటుంది. ఎంత అయితే మితిమీరినట్టో అంకెల్లో లేదు. అంకె లేని నియమాన్ని పాటించానని ఎవరైనా చెప్పుకోవచ్చు. అయినా ఫిర్యాదు చేసే హక్కు మీకుంది: 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ఛానెల్ మీ ఫిర్యాదును 15 రోజుల్లోగా తేల్చాలి. తేదీ, సమయం, ప్రకటన పేరు రాసి పంపండి.

మీ అత్తగారి కోసం టీవీలో ఆటో వాల్యూమ్ ఆన్ చేయవచ్చు. శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో పేరు అదే, లేదా అలాంటిదే. గట్టి శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచడం దాని పని. దీన్ని చివర చెప్పడానికి కారణముంది. బాక్సు వాల్యూమ్ సరిచేయకుండా దీన్నే నమ్ముకుంటే, నిశ్శబ్ద ఘట్టంలో ఫ్యాను చప్పుడు, గాలి హోరు పైకి తేలి, మాట రాగానే మళ్లీ అణిగి, సంగీతం ఊపిరి పీల్చి వదులుతున్నట్లు వినిపిస్తుంది. సంగీత కార్యక్రమాలు చూసేటప్పుడు ఆపేయడం మేలు.

ప్రశ్న: ఓటీటీలో సినిమా పెడితే మాటలు వినిపించవు, పోరాట ఘట్టం వస్తే పక్కింటివాళ్లు తలుపు తడతారు. టీవీ కొత్తదే. సౌండ్‌బార్ కొనక తప్పదా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొనేముందు చేయవలసింది ఒకటుంది. సినిమా 5.1 ధ్వనిలో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరు కోసం ఉంటాయి. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి, అవీ చాలావరకు కిందికో వెనక్కో తిరిగి ఉన్నవాటిలోకి, ఈ ఆరు దారులనూ కుదించినప్పుడు మాటలు సంగీతం కింద నలిగిపోతాయి. సినిమా నడుస్తుండగా ఆడియో మెనూ తెరిచి, తెలుగు 5.1తోపాటు మామూలు తెలుగు ట్రాక్ కూడా ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే స్టిక్ సెట్టింగ్‌లో సరౌండ్ బదులు పీసీఎం పెట్టండి.

యూట్యూబ్‌తో పోల్చి ఓటీటీని నిందించడం కూడా సరికాదు. నెట్‌ఫ్లిక్స్ తన కార్యక్రమాల్లో మాటల సగటును మైనస్ 27 దగ్గర ఉంచమంటుంది; యూట్యూబ్ సుమారు మైనస్ 14ను మించిన వీడియోలను తగ్గిస్తుందే తప్ప, చిన్నగా ఉన్నవాటిని సాధారణంగా పెంచదు. రెండు కొలతల పద్ధతి పూర్తిగా ఒకటి కాదు గానీ, పది డెసిబెళ్లు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు శబ్దంగా తోస్తుందని గుర్తుంచుకుంటే ఆ అంతరం అర్థమవుతుంది. సినిమాకు వాల్యూమ్ ఎక్కువ పెట్టడం తప్పు కాదు, ముగిశాక తగ్గించడం మరవకండి. రాత్రిపూట నైట్ మోడ్ పెట్టుకుంటే పేలుళ్లు అణుగుతాయి. ఇవన్నీ చేశాక కూడా సంభాషణలు అందకపోతే అప్పుడు సౌండ్‌బార్ చూడండి, కానీ 2.1 కాకుండా, మధ్య స్పీకరు విడిగా ఉన్న 3.1 రకాన్ని అడగండి. దుకాణంలో పాట కాకుండా మాటలు ఎక్కువగా ఉండే ఘట్టాన్ని పెట్టించుకుని వినండి.