ఛార్జర్ తీయలేదని వారంటీ ఎగ్గొట్టవచ్చా?

ప్రశ్న: ఖమ్మంలో ఇంటి నుంచే చిన్న షాపులకు అకౌంట్స్ రాస్తుంటాను. 58 వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నాను. పది నెలలు తిరక్కుండానే బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, "రోజంతా ఛార్జర్ పెట్టే ఉంచారు, సెట్టింగ్స్‌లో 80 శాతం లిమిట్ పెట్టుకోలేదు, తప్పు మీదే" అని 6,500 కట్టమన్నారు. ఏడాది వారంటీ ఉన్నా కట్టాలా?

జవాబు: ముందు ఆ లాప్‌టాప్‌ను ఆన్ చేయడం, ఛార్జింగ్ పెట్టడం మానేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా, గుచ్చినా మంటలు రావచ్చు. కేసు సంగతి ఆ తర్వాత.

సర్వీస్ సెంటర్ అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి, పైగా వేడిగా ఉంటే తొందరగా పాతబడుతుంది. అందుకే కంపెనీలు 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఇస్తున్నాయి. కానీ అది సలహానా, వారంటీ షరతా? మీ వారంటీ కార్డులో, మాన్యువల్‌లో వెతకండి. "ఎప్పుడూ ఛార్జర్ పెట్టి ఉంచితే వారంటీ వర్తించదు" అని ఎక్కడా లేకపోతే, కౌంటర్ దగ్గర నోటిమాటతో కొత్త షరతు పుట్టదు. లాప్‌టాప్‌ను ప్లగ్‌లో పెట్టి వాడటం మామూలు వాడకమే. దుర్వినియోగం అనేవాళ్లే దాన్ని చూపించాలి. మీరు వేరే కంపెనీ ఛార్జర్ వాడి ఉంటే మాత్రం మీ లాయరు దగ్గర దాచకండి. ఎదుటివాళ్ల మొదటి ప్రశ్న అదే.

బ్యాకప్ ఐదు గంటల నుంచి మూడు గంటలకు పడిపోయిందని రాసి ఉంటే మీ కేసు బలహీనం అనేవాణ్ణి. వాడకంతో సామర్థ్యం తగ్గడం సహజ అరుగుదల అని చాలా వారంటీల్లోనే రాసి ఉంటుంది. ఉబ్బడం వేరు. పది నెలలకే ఉబ్బితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10) చెప్పే 'లోపం' కింద గట్టిగా వాదించవచ్చు.

ఇప్పుడు మీకు కావాల్సింది కాగితం. వారంటీ ఎందుకు ఇవ్వడం లేదో జాబ్ షీట్‌లో (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు కాగితంలో) రాయించండి. సంతకం పెట్టే ముందు చదవండి. కొన్నిచోట్ల "కస్టమర్ ఎస్టిమేట్‌కు ఒప్పుకోలేదు" అని మాత్రమే రాసి చేతిలో పెడతారు, అది మీకు ఎందుకూ పనికిరాదు. విండోస్ అయితే బ్యాటరీ రిపోర్ట్ కూడా వాళ్లనే తీసి ఇమ్మనండి. మొదట ఎంత సామర్థ్యం, ఇప్పుడు ఎంత, చాలా మోడళ్లలో ఎన్ని సైకిళ్లు (పూర్తి ఛార్జింగ్ విడతలు) తిరిగిందీ అందులో ఉంటుంది. సైకిళ్లు తక్కువగా ఉంటే వాడి అరగదీశారనలేరు. అయితే ఎక్కువ కాలం ఛార్జర్ మీదే నడిచిందన్నదీ ఆ రిపోర్టే చెబుతుంది. ఆ మాట మీరే ముందు ఒప్పుకోండి, దాంట్లో తప్పేమీ లేదు.

"ఇది వ్యాపారానికి కొన్నది, మీరు వినియోగదారుడే కాదు" అని కూడా వాదిస్తారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువుకు అదే చట్టం సెక్షన్ 2(7) వివరణలోనే మినహాయింపు ఉంది.

అమ్మిన షాపుకీ, తయారీ కంపెనీకీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. లేదంటే మీరు ఉండే ఊరు కాబట్టి ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. అవసరమైతే కమిషన్ సెక్షన్ 38 కింద బ్యాటరీని ల్యాబ్‌కు పంపవచ్చు, కాబట్టి దాన్ని పోగొట్టుకోకండి.

పని ఆగిపోతుందని డబ్బు కట్టక తప్పకపోతే, "నా హక్కులు వదులుకోకుండా కడుతున్నాను" అని ముందే మెయిల్ పెట్టి కట్టండి. పాత బ్యాటరీ తిరిగి అడగండి. ఇవ్వబోమంటే సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. కేసులో 6,500, టచ్‌ప్యాడ్ రిపేరు, పని పోయిన రోజులకు పరిహారం, ఖర్చులు అడగండి. మనోవేదనకు 5 లక్షలు అని మాత్రం రాయకండి, ఉన్న న్యాయమైన కోరిక కూడా పలచబడుతుంది.