కోరంగి రేవులో ఓడెక్కిన పూర్వికుని ఆచూకీ

ప్రశ్న: మాది ద్రాక్షారామం దగ్గరి పల్లెటూరు. తన ముత్తాత కోరంగి ఉప్పెన వచ్చిన మరుసటి ఏడే ఓడెక్కి మోరిసు దీవికి (మారిషస్‌కు) పోయాడనీ, మళ్లీ రాలేదనీ మా నాయనమ్మగారు చెబుతుండేవారు. ఆయన ఏ ఓడలో వెళ్లారో ఇప్పుడు తెలుసుకునే వీలుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: వీలుందమ్మా. అయితే ముందుగా ఆ కాలాన్ని సరిచూసుకోవాలి. కోరంగిని ముంచిన ఉప్పెన 1839 నవంబరులో వచ్చింది. కూలీల వలసలో జరుగుతున్న మోసాలపై గగ్గోలు పుట్టడంతో, అదే ఏడు మే నెలలోనే కంపెనీ ప్రభుత్వం ఒప్పంద కూలీలను పరదేశాలకు పంపడాన్ని నిషేధించింది. మారిషస్ వరకు ఆ నిషేధం 1842 చివర వచ్చిన చట్టంతో తొలగింది. అందువల్ల ఆయన ఒప్పంద కూలీగా వెళ్లి ఉంటే, ఉప్పెనకు ముందైనా వెళ్లి ఉండాలి, 1843లోనో ఆ తరువాతనో అయినా వెళ్లి ఉండాలి. ఉప్పెన వంటి పెద్ద గుర్తు ఉన్నప్పుడు ఇంటి జ్ఞాపకాలన్నీ దాని చుట్టూ చేరడం సహజం కనుక, మీ నాయనమ్మగారి మాటను తోసిపుచ్చకుండా 1843 నుంచి వెతకడం మొదలుపెట్టండి.

మారిషస్‌లోని మోకా పట్టణంలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థ నాటి వలస దస్తావేజులను భద్రపరుస్తోంది. పోర్ట్ లూయిస్ రేవులో దిగిన ప్రతి కూలీకి ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, వచ్చిన ఓడ, దిగిన తేదీ వంటి వివరాలను చిట్టాలో ఎక్కించేవారు. ఆ సంఖ్య దొరికితే ఓడ పేరు దొరికినట్టే.

చిక్కంతా పేరుతోనే. తెలుగు రాని గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్నందువల్ల వెంకన్న, అప్పన్న వంటి పేర్లు సైతం గుర్తుపట్టలేని రూపాల్లో కనిపిస్తాయి. ఇంటిపేరు ఉంటుందని ఆశించనే వద్దు. అందుచేత పేరు కంటే తండ్రి పేరును, ఊరును ఎక్కువగా నమ్ముకోండి. జిల్లా విషయంలో మరో జాగ్రత్త అవసరం: గోదావరి జిల్లా 1859లో గాని ఏర్పడలేదు కనుక, అంతకుముందు వెళ్లినవారిని రాజమండ్రి జిల్లా కింద వెతకాలి.

ఎక్కడైనా 'కోరంగి' అని కనిపించినంత మాత్రాన మీ పూర్వికుడే దొరికాడని సంతోషపడకండి. ఈ రేవు పేరు మీదుగా మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువారందరినీ కోరంగీలనే పిలిచేవారు కాబట్టి, ఆ మాట విశాఖపట్నం వైపు మనిషికీ వర్తించవచ్చు.

ఆ సంస్థకు ఉత్తరం రాసేటప్పుడు ఊరి పేరును నేటి వాడుకతో పాటు పెద్దలు పలికే పాత రూపంలోనూ రాయండి. ఇంట్లో పాత దస్తావేజులు, వంశవృక్షం ఉంటే ఆయన తండ్రి పేరు ముందుగా వాటిలో చూడండి. ఆ ఒక్క పేరు లేకపోతే ఒకే పేరున్న పదిమందిలో మీవారెవరో తేల్చడం చాలా కష్టం.